ప్రాథమిక పాఠశాలలో సంగీతం పీరియడ్: ముందు నడక, తరువాత శ్రుతి, ఆ పైన స్వరాలు

మన ప్రాథమిక పాఠశాలల్లో సంగీతానికి కేటాయించిన పీరియడ్ చాలాచోట్ల ఆగస్టు 15కూ, జనవరి 26కూ, వార్షికోత్సవానికీ పాట సిద్ధం చేసుకునే సమయంగానే మిగిలిపోతోంది. టీచరు నల్లబల్ల మీద సాహిత్యం రాస్తారు, పిల్లలు దానిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటారు, ఆ తరువాత వేడుక రోజు దాకా అదే పాటను బిగ్గరగా వల్లె వేస్తారు. వేడుక ముగిసిన మరుసటి వారం ఆ పిల్లలను తాళం తప్పకుండా పది అడుగులు వేయమంటే వేయలేరు. ఒక స్వరం వినిపించి అందుకోమంటే ఎవరికి తోచిన ఎత్తులో వారు అందుకుంటారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకూ, పాఠ్యేతరమని పక్కన పెట్టినవాటికీ మధ్య గట్టి గోడ ఉండరాదని చెప్పింది కనుక, సంగీతాన్ని కూడా లెక్కల మాదిరిగా ఒక వరుసలో నేర్పవలసిన విషయంగా చూడడానికి ఇప్పుడు బడులకు ఆధారం ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఆ వరుస ఎలా ఉండవచ్చునో ఇక్కడ వివరిస్తున్నాను. సంగీతం టీచరు ప్రత్యేకంగా ఉన్న బడికే కాక, లెక్కలు చెప్పే టీచరే పాట కూడా చెప్పవలసి వచ్చే చిన్న బడికి సైతం ఇది పనికివస్తుంది.

వరుస అంటున్నది ఇది: మొదట లయ, దాని తరువాత శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరంతో గొంతు కలపడం, అన్నిటికంటే ఆలస్యంగా స్వరాల పేర్లు. నేను తొలి ఏడాది దీనిని సరిగ్గా తలకిందులుగా చేశాను. మా గురువుగారు నాకు చెప్పినట్టే రెండో తరగతి పిల్లలను బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి, కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరుసలతో మొదలుపెట్టాను. మూడు వారాలు గడిచేసరికి సగం మంది ఆవలిస్తున్నారు, తక్కిన సగం స, రి, గ, మ అనే అక్షరాలను ఎక్కాల మాదిరిగా ఒకే ఎత్తులో అప్పజెబుతున్నారు. పేర్లు వచ్చాయి గాని ఆ పేర్లు సూచించే ధ్వనులు వారి చెవిలో లేవు.

పాఠం కాళ్లతో మొదలు

ఒకటో తరగతిలో మొదటి నెలంతా పాఠం కాళ్లకే చెప్పాలి. పిల్లలను గుండ్రంగా నిలబెట్టి, డప్పు మీదనో, అది లేకపోతే బల్ల మీదనో సమానమైన దెబ్బలు వేస్తూ, దెబ్బకొక అడుగు చొప్పున నడవమనాలి. చిన్నపిల్లలు కదా అని మనం ఇక్కడ మరీ నిదానంగా వేస్తాము, అది పొరపాటు. ఆరేళ్ల పిల్లవాడి సహజమైన నడక పెద్దవారి నడక కంటే వేగంగా ఉంటుంది. నిమిషానికి 60 దెబ్బల విలంబంలో రెండు దెబ్బల నడుమ ఉన్న ఖాళీని వాడు భరించలేడు, ఆగలేక ముందుకు దూకుతాడు. అందుచేత మొదట పిల్లలను వారి ఇష్టం వచ్చినట్టు నడవనిచ్చి, మీ దెబ్బను వారి నడకకు కలపండి. అది నిమిషానికి 120కి కాస్త అటూ ఇటూగా ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. రెండు మూడు వారాలు పోయాక కొద్దికొద్దిగా వేగం తగ్గించవచ్చు. నిదానంగా నడవడమే కష్టమైన విద్య అని వారికే తెలిసివస్తుంది.

అడుగు కుదిరిన తరువాత చెప్పవలసిన విషయం, తాళం వేరు, మాటల నడక వేరు అన్నది. పిల్లలకు తెలిసిన ఏదైనా ఆట పాటను తీసుకుని, కాళ్లతో సమానమైన అడుగులు వేస్తూ, చేతులతో మాత్రం పాటలోని ఒక్కొక్క అక్షరానికి ఒక చప్పట్లు కొట్టమనాలి. చేతులు పరుగెత్తుతుంటే కాళ్లు కూడా వాటి వెంట పరుగెత్తడం సహజంగా జరుగుతుంది. అప్పుడు తరగతిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు అడుగులు మాత్రమే వేయాలనీ, రెండో జట్టు అక్షరాలు మాత్రమే కొట్టాలనీ చెప్పి, కొంతసేపటికి జట్లను మార్చాలి. ఈ రెండింటినీ ఒకే శరీరంలో నిలుపుకోగలగడానికి కొందరికి ఏడాది పడుతుంది. అది వెనకబాటు కాదు.

మూడోది మౌనం. మూడు చప్పట్లు కొట్టి, నాలుగోదానిని కొట్టకుండా చేతులను గాలిలో తెరిచి, మళ్లీ మొదటి దెబ్బకు సరిగ్గా అందరూ కలిసి దిగాలి. ముప్ఫైమంది పిల్లలు ఒక దెబ్బ కాలం పాటు నిశ్శబ్దంగా ఉండి, ఆ నిశ్శబ్దాన్ని కూడా లెక్కపెట్టుకుంటున్నారంటే సంగీతం పీరియడ్ మొదలైనట్టే.

వీటికి కావలసిన సామగ్రి మన వీధుల్లోనే ఉంది. ఎదురెదురుగా నిలబడి అరచేతులు కలిపే చెమ్మచెక్కలో ఇద్దరి లయ ఒకటి కాకపోతే ఆట సాగదు. చేతులు పట్టుకుని గిరగిర తిరిగే ఒప్పులకుప్పలో వేగం పెరగడం అంటే ఏమిటో ఒంటికే తెలుస్తుంది. కోలాటంలో ఎదుటివారి కర్రను సరైన క్షణంలో తాకాలి. బతుకమ్మ చుట్టూ వలయంగా తిరుగుతూ, ఒకరు ఎత్తుకున్న పాదాన్ని తక్కినవారు అందుకుంటూ చప్పట్లు కొట్టే తీరును తెలంగాణ పిల్లలు ఇంట్లోనే చూసి వస్తారు. టీచరు చేయవలసిందల్లా దానిని గుర్తించి, తరగతిలోకి తీసుకురావడమే.

పండ్ల పేర్లలో జతులు

మన భాషలో హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు మాత్రలు కనుక, తెలుగు పిల్లలకు జతులు, అంటే తాళపు కొలతను పలికే తకిట, తకధిమి వంటి మాటలు, చెప్పడం నిజానికి చాలా సులువు. పనస అంటే మూడు మాత్రలు, అది తకిట. మామిడిలో మొదటి అక్షరం దీర్ఘం కనుక నాలుగు మాత్రలు, అది తకధిమి. నారింజలో నా రెండు, సున్న ఉన్న రిం కూడా రెండు, జ ఒకటి కలిసి ఐదు, అది తక తకిట. సీతాఫలంలో సీతా నాలుగు, ఫలం మూడు కలిసి ఏడు, అది తకధిమి తకిట. మొదట పండు పేరును చప్పట్లతో అనిపించి, అదే కొలతలో జతిని అనిపించి, ఆ తరువాత మామిడి, మామిడి, పనస, పనస అంటూ పండ్లను కలిపి వరుసలు కట్టమంటే పిల్లలు తామే కొత్త వరుసలు తయారుచేస్తారు. ఇంటికి వెళ్లి ఐదు మాత్రల పండు ఇంకొకటి వెతుక్కురమ్మన్నప్పుడు దానిమ్మ, నేరేడు, బొప్పాయి మూడూ మరునాటికి వచ్చాయి. ఛందస్సు అనే మాట ఎత్తకుండానే గురులఘువులు కూడా కొంత పరిచయమవుతాయి. ఆ లాభం తెలుగు టీచరు ఖాతాలోకి వెళ్తుంది.

ఆది తాళాన్ని చేతితో వేయడం రెండో తరగతి చివరనో, మూడో తరగతి మొదట్లోనో చెప్పవచ్చు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆ తరువాత దెబ్బ వేసి చెయ్యి వెల్లకిలా తిప్పడం, మళ్లీ దెబ్బ వేసి తిప్పడం, మొత్తం ఎనిమిది అక్షరాలు. నేర్చుకునేవారిలో చాలామంది బొటనవేలి పక్కన ఉన్న చూపుడు వేలితో లెక్క మొదలుపెడతారు. లెక్క ఎప్పుడూ చిటికెన వేలి నుంచే అన్నది మొదటి రోజే అలవాటు చేయకపోతే తరువాత మాన్పించడం కష్టం.

శ్రుతి పట్టుకోవడం

పిల్లలలో చాలామందికి మాట్లాడే గొంతు, అరిచే గొంతు తెలుసు గాని పాడే గొంతు తమకు ఉందని తెలియదు. దానిని కనిపెట్టించడానికి ఒకే వాక్యాన్ని నాలుగు విధాలుగా అనిపించడం మంచి పద్ధతి: గుసగుసగా, మామూలుగా, వీధి చివర ఉన్న స్నేహితుడిని పిలిచినట్టుగా, పాటగా. పిలుపుకూ పాటకూ దగ్గరి చుట్టరికం ఉంది. కూరగాయల బండివారి కేకను గమనించండి, చివరి అక్షరాన్ని సాగదీసేచోట అది పాటే అవుతుంది. గొంతును కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారుస్తూ ఉయ్యాల ఊగినట్టు, గాలిపటం ఎగిరినట్టు ధ్వనులు చేయించాలి. ఎత్తు, లోతు అనే మాటలు సంగీతంలో దేనికి వాడతామో ఇక్కడే స్పష్టం చేయాలి, ఎందుకంటే పిల్లలు బిగ్గరగా పాడడాన్ని ఎత్తు అనీ, మెల్లగా పాడడాన్ని లోతు అనీ అనుకుంటారు. మెల్లగా పాడుతూ ఎత్తుకు వెళ్లడం, బిగ్గరగా పాడుతూ కిందికి దిగడం అనే రెండు ఆటలతో ఈ చిక్కు విడిపోతుంది.

హాజరు పిలవడమే నాకు తెలిసిన ఉత్తమమైన శ్రుతి పాఠం. టీచరు పేరును ప, గ అనే రెండు స్వరాల మీద పిలిస్తే, పిల్లవాడు అదే రెండు స్వరాల మీద బదులు పలకాలి. హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొడాయ్ ఆలోచనల మీద నిలబడిన బోధనాపద్ధతి పిల్లలకు మొదట నేర్పేది కూడా ఈ అంతరాన్నే. వారు దానిని సో, మీ అంటారు. ప్రతిరోజూ ఒక్కొక్క పిల్లవాడి గొంతు విడిగా వినే అవకాశం దీనివల్ల దొరుకుతుంది, అదీ ఎవరికీ పరీక్షలా తోచకుండా.

ఎంత చెప్పినా ఒకే స్వరం మీద ఉండిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారికి గొంతు లేదని ఎవరూ అనకూడదు, పెదవులు మాత్రం కదపమని వెనక వరుసలో నిలబెట్టడం అంతకంటే దారుణం. చేయవలసిన పని ఇది: పిల్లవాడిని ఏదో ఒక స్వరం పాడనిచ్చి, ముందు మీరే ఆ స్వరానికి వెళ్లాలి. రెండు గొంతులు ఒకటైనప్పుడు కలిగే అనుభూతి వాడికి అంతవరకు తెలియదు. అది తెలిశాక మీరు ఒక్క మెట్టు పైకి జారితే వాడు మీ వెంట వస్తాడు. ఒక చేతిని చెవి వెనక దొప్పలా పెట్టుకుని తన గొంతు తాను వినేలా చేయడం కూడా ఉపకరిస్తుంది.

మగ టీచర్లు ఒక సంగతి గమనించాలి. ఆధార స్వరాన్ని ఆగకుండా వినిపించే శ్రుతిపెట్టె మీద ఆ స్వరం ఎత్తును అంకెలతో చెబుతారు. మగవారు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల దగ్గర పాడతారు. పిల్లలకు ఐదు నుంచి ఆరున్నర శ్రుతి మధ్య సుఖంగా ఉంటుంది. టీచరు తన శ్రుతిలోనే పాడితే పిల్లలు ఆయన లోతుకు దిగలేరు, ఒక స్థాయి పైన అందుకుంటే తారస్థాయి (పై వరుస స్వరాలు) దగ్గర అరుస్తారు. శ్రుతిపెట్టెను పిల్లల శ్రుతికి పెట్టి, తాను పై స్థాయిలో పాడలేకపోతే, తరగతిలో శ్రుతిశుద్ధంగా పాడే పిల్లలలో ఒకరిచేత పాడించి తక్కినవారిని అందుకోమనడం మేలు. శ్రుతిపెట్టె కొనలేని బడికి ఫోనులోని తంబూరా యాప్ సరిపోతుంది.

సరళీ వరుసలు ఎప్పుడు?

సరళీ వరుసలను మాయామాళవగౌళ రాగంలో చెప్పే పద్ధతిని పురందరదాసు ఏర్పరచారని సంప్రదాయం. మేళకర్తలు అనే మూల రాగాలలో 15వదైన ఈ రాగంలో స రి గ మ అనే సగానికీ ప ధ ని స అనే సగానికీ స్వరాల మధ్య దూరాలు ఒకేలా ఉంటాయి కనుక, కింది సగం వచ్చినవారికి పై సగం సగమైనా వచ్చినట్టే. ఇందులోని స, రి మధ్య దూరం చాలా చిన్నది, రి, గ మధ్య దూరం పెద్దది. గురువు ఎదురుగా కూర్చుని ఒక్కరో ఇద్దరో నేర్చుకునేటప్పుడు ఈ కష్టమే చెవిని పదును పెడుతుంది. నలభైమంది ఉన్న రెండో తరగతిలో మాత్రం ఆ చిన్న రిషభం ఒక్కొక్కరి నోట ఒక్కొక్క చోట పలుకుతుంది.

అందుకని ఒకటి, రెండు తరగతులలో మోహన రాగాన్ని ఆశ్రయించడం మంచిదని నా అభిప్రాయం. స రి గ ప ధ అనే ఐదు స్వరాల మధ్య అర్ధస్వర దూరాలు, అంటే మాయామాళవగౌళలోని స, రి మధ్య ఉన్నటువంటి చిన్న దూరాలు, లేవు, పిల్లలు ఎక్కడ అడుగు పెట్టినా వినసొంపుగానే ఉంటుంది. మొదట స్వరాల పేర్లు లేకుండా మోహనంలోని చిన్న పాటలు పాడించి, ఆ తరువాత తెలిసిన పాటలో ఒక పాదాన్ని స్వరాలతో పాడి వినిపిస్తే, స్వరం అంటే తాము పాడుతున్నదానికే మరో పేరు అని వారికి బోధపడుతుంది. నేల మీద సుద్దముక్కతో మెట్లు గీసి, స్వరం పలికినప్పుడల్లా ఆ మెట్టు మీదికి గెంతడం ఈ దశలో అందరికీ ఇష్టమైన ఆట.

మూడో తరగతిలో మాయామాళవగౌళకు రావచ్చు. ఐదో తరగతి ముగిసేసరికి ఆరేడు సరళీ వరుసలు, ప్రతి స్వరాన్ని జంటగా పలికే జంట వరుసలు రెండు మూడు, రెండు కాలాలలో స్పష్టంగా వస్తే చాలు. ఆ తరువాతి పాఠాలైన అలంకారాలను బయట విడిగా నేర్చుకునేవారికి వదిలివేయవచ్చు. రెండో కాలం దగ్గర ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. తాళం అదే వేగంలో ఉంచి స్వరాలను రెండింతలు చేయవలసిన చోట, పిల్లలు తాళాన్నే వేగంగా వేసి అదే రెండో కాలం అనుకుంటారు. ఒకటో తరగతిలో అడుగులూ అక్షరాలూ విడదీసి ఆడిన ఆట ఇక్కడ అక్కరకు వస్తుంది: ఒక జట్టు నడుస్తూ ఉండాలి, రెండో జట్టు అడుగుకొక స్వరం పాడి, ఆగకుండా అడుగుకు రెండు స్వరాలు పాడాలి. నడిచేవారు వేగం మార్చకూడదు.

పాట చెప్పే తీరు

కొత్త పాటను బల్ల మీద రాయకుండా చెప్పాలి. చదవడం మొదలుపెట్టిన పిల్లవాడి చెవి మూతపడుతుంది. టీచరు పాటను మొత్తం రెండుసార్లు పాడి వినిపించి, రెండోసారి వినేటప్పుడు ఏదో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమని పని అప్పగించి, ఆ తరువాత పాదం వెంట పాదం చెప్పాలి. పిల్లలు పాడేటప్పుడు టీచరు నోరు మూసుకుని వినాలి. వారితో పాటు తానూ పాడుతూ ఉంటే తప్పు ఎక్కడ ఉందో ఎన్నటికీ తెలియదు. సినిమా పాటలను నిషేధించనక్కరలేదు గాని, వాటిలో చాలావరకు పిల్లల గొంతు అందుకోలేనంత విస్తారంలో తిరుగుతాయి, అందని చోట అరవడం అలవాటవుతుంది.

పిల్లలు ప్రతిదినం పాడే పాట జాతీయ గీతం. దానిని సంగీతం టీచరు పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఎవరో ఒకరు తమకు తోచిన ఎత్తులో ఎత్తుకుంటారు. ఆ గీతం మధ్యస్థాయి షడ్జమం (స) దగ్గర మొదలై, చివరి జయహేల దగ్గర తారస్థాయి షడ్జమాన్ని తాకుతుంది కనుక, ఎత్తుగడ పైన ఉంటే చివర కేకలు మిగులుతాయి. శ్రుతిని నిర్ణయించేటప్పుడు మొదటి మాటను కాక ఆ జయహేలను మనసులో పాడుకుని చూడాలి. ఆ షడ్జమాన్ని ఒక్క క్షణం వినిపించి, అప్పుడు ఎత్తుకోవాలి. పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు పట్టాలన్నది నియమం. గడియారం పెట్టి పాడించి చూస్తే తాము ఎంత పరుగెత్తుతున్నారో, ఎంత ఈడుస్తున్నారో పిల్లలకే తెలుస్తుంది. నాలుగైదు తరగతుల వారికి మదనపల్లె సంగతి కూడా చెప్పవచ్చు: 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బెసెంట్ థియొసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు దీనికి ఇంగ్లీషు అనువాదం రాశారు, మార్గరెట్ కజిన్స్ స్వరలిపి సిద్ధం చేశారు.

వాద్యాలు

కొనవలసినవి తక్కువ. ఒక డప్పు, రెండు జతల చిడతలు, కొన్ని గజ్జెలు, ఒక జత తాళాలు ఉంటే ఏడాది గడుస్తుంది. ఏడు గాజు గ్లాసులలో నీళ్లు పోసి చెంచాతో తట్టి చూపిస్తే, నీరు ఎక్కువైనకొద్దీ స్వరం దిగుతుందన్న సంగతిని పిల్లలే కనిపెడతారు. స్వరాలకు సరిపడేలా నీరు తగ్గించి, పెంచి వారిచేతనే శ్రుతి చేయించాలి. తీగ వాద్యాలు, ఊదే వాద్యాలు, చర్మవాద్యాలు, తాళాల వంటి ఘనవాద్యాలు అనే నాలుగు తెగలు నాట్యశాస్త్రం నాటివి. పెళ్లిలో చూసిన నాదస్వరం, డోలు ఏ తెగలోకి వస్తాయో అడిగితే చర్చ దానంతటదే నడుస్తుంది. వీణ దగ్గరకు వచ్చేసరికి, బొబ్బిలి వీణను పనస మొద్దు నుంచి తొలుస్తారని చెప్పి చూడండి. ఒకటో తరగతి నుంచి పనసను తకిటగా పలుకుతున్న పిల్లలకు ఆ మాట మరపురాదు. వీణకు 24 మెట్లు, నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు. కీబోర్డు ఉంటే శ్రుతి ఇవ్వడానికి వాడుకోవచ్చు, కాని ఒక స్వరం నుంచి మరొకదానికి జారే గమకం దాని మీటలకు లొంగదు కనుక పాట చెప్పడానికి గొంతే మేలు.

విదేశాలలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఒక ప్రశ్న తరచుగా అడుగుతారు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో డో, రే, మీ నేర్పుతారు, మూడో నాలుగో తరగతిలో చాలాచోట్ల రికార్డరు అనే చిన్న పిల్లనగ్రోవి చేతికిస్తారు, వారాంతంలో ఇంటి దగ్గర స, రి, గ చెప్పిస్తారు. రెండూ కలిసి పిల్లలు గందరగోళపడరా అని. ఒక్క విషయం స్పష్టం చేస్తే గందరగోళం ఉండదు. బడిలోని మేజర్ స్కేలు మన శంకరాభరణానికి సరిపోతుంది, మాయామాళవగౌళకు కాదు. సరళీ వరుసలోని రి, ధ రెండూ బడిలోని రే, లా కంటే కిందివి. శంకరాభరణంలో ఒక్కసారి స రి గ మ పాడి చూపిస్తే రెండు చెవులూ సర్దుకుంటాయి.

నలభై నిమిషాల పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు నడకకూ, మరో ఐదు పాటగా హాజరు పిలవడానికీ పోతాయి. పదిహేను నిమిషాలు కొత్త పాఠం, పది నిమిషాలు తెలిసిన పాటలు, చివర మూడు నాలుగు నిమిషాలు ఏదో ఒక వాద్యాన్ని కళ్లు మూసుకుని వినడం. వినేముందు ఒకే ఒక ప్రశ్న ఇవ్వాలి: మృదంగం ఎప్పుడు చేరింది, లేదా తీగ వాద్యమా ఊదే వాద్యమా అని. ప్రశ్న లేకుండా వినమంటే కళ్లు మూసుకున్న పిల్లలు పక్కవాడిని గిల్లడం మొదలుపెడతారు.

మార్కులు వేయవలసి వస్తే రాతపరీక్ష పెట్టవద్దు. ఏడాది చివర ఐదో తరగతి పిల్లలను శ్రుతిపెట్టె పెట్టి బాగా వచ్చిన పాట పాడమనండి. రెండో పాదం దగ్గర శ్రుతిపెట్టెను ఆపివేసి పాటను సాగనివ్వండి, తాళం చేతులు ఆగకుండా చూడండి. పాట చివరి పాదానికి వచ్చినప్పుడు శ్రుతిని మళ్లీ వినిపించండి. గొంతులు శ్రుతికి ఎంత దూరం జరిగాయో మీతో పాటు పిల్లలకూ అప్పుడే వినిపిస్తుంది. ఆ దూరాన్ని రాసి పెట్టుకుని, వచ్చే ఏడాది ఐదో తరగతికి వచ్చేవారిని ఇదే పాటతో మళ్లీ కొలవండి.